రెండో సాక్షి

పంజాగుట్టలోని అంధుల సంస్థలో సుకన్య చేసే ఉద్యోగం నలుగురిలో చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంటుంది. దాతల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళిచ్చిన చాయ్ తాగి, తమ తదనంతరం ఆస్తి సంస్థకు రాయమని నొప్పించకుండా అడగాలి. ట్రైనింగులో రెండే ముక్కలు నేర్పారు: చావు మాట నోట రాకూడదు, ఎవర్నీ తొందరపెట్టకూడదు. సుకన్య తు.చ. తప్పకుండా పాటించింది. అదే కొంప ముంచింది.

మధురానగర్‌లో రాజనర్సయ్య మేడమీద ఐదుగురు చూపులేని ఆడపిల్లలు కిరాయి లేకుండా ఉంటూ, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్నారు. తన తర్వాత కూడా వాళ్ళు అక్కడే ఉండాలని, నా అన్నవాళ్ళు లేని ఆ పెద్దాయన ఇల్లు సంస్థకిస్తూ వీలునామా రాయించాడు. నా అన్నవాళ్ళు లేరంటే, ఉన్న ఒక్క అన్న కొడుకు దినేశ్ అప్పటికే బిల్డర్‌ని తెచ్చి మేడ కొలిపించుకుపోయాడు.

సోమవారం పెద్దాయన సంతకం చేశాడు. ఆ ఇంటి కింద కొట్టున్న టైలర్ ఖాదర్ సాక్షి సంతకం చేశాడు. ఇద్దరు సాక్షులు లేనిదే వీలునామా చెల్లదు; రెండో సాక్షిగా వచ్చిన ఎదురింటి విజయేందర్ పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"ఇయ్యాల అమాస గద చెల్లె. ఎల్లుండి పెడ్త, ఫికర్ చెయ్యకు."

ఒక్క సంతకమే కదా అని నోటిదాకా వచ్చింది. నేర్చుకున్న మర్యాద అడ్డమొచ్చింది. తను చేద్దామంటే, సిబ్బంది చేయకూడదని సంస్థ నియమం. "మీ ఇష్టం అన్నా" అని నవ్వింది.

మర్నాడే పెద్దాయన పక్షవాతంతో పడిపోయాడు.

బుధవారం ఆస్పత్రి వరండాలో విజయేందర్ పెన్ను పట్టుకుని ఏడుస్తున్నాడు. "సాక్షి ఆయన సంతకం చూసినా సరే, పెట్టానని ఆయన నోట విన్నా సరే; కానీ ఆయన తెలివిలో ఉండగా ఆయన ముందే పెట్టాలమ్మా. ఇప్పుడు చెల్లదు" అని లాయరు ఫోన్ పెట్టేశాడు. ఇక తెలివి రాదని డాక్టర్లు చెప్పేశారు. దినేశ్ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఎవరికో ఇంటి గజాలు చెబుతున్నాడు.

పిల్లల్లో పెద్దది ధాత్రి, గోడ తడుముకుంటూ వచ్చింది.

"అక్కా, ఇంకొక్క సంతకం ఉంటే ఇల్లు నిలుస్తుండెనా?"

"నిలిచేదే ధాత్రీ."

"గా రోజు మేం అయిదుగురం గా అర్రలనే ఉంటిమి. 'సంతకం పెట్టిన బిడ్డా' అని తాత మాకు సుత చెప్పిండు. నాకు సంతకం వస్తది అక్కా, బ్యాంకుల గదే పెడ్త. మమ్ముల ఎందుకు అడుగలే?"

సుకన్య అంధుల సంస్థలో చేరి ఆరేళ్ళయింది. ఆ రోజు సాక్షి కోసం గదంతా కలయజూసింది కూడా. ఆ ఐదుగురూ ఆమె కంటికి ఆనలేదు.