ట్రాలీకి నాలుగో మనిషి

"చెప్పులు విప్పండి తాతా, అప్పుడే అసలు రైల్వేలా ఉంటుంది," అన్నాడు విశ్వతేజ, కెమెరా సరిచేసుకుంటూ.

సత్యానందం చెప్పులు విప్పి కంకర పక్కన పెట్టాడు. ఏప్రిల్ నెల, పొద్దున పదకొండు గంటలు. పట్టా మీద పాదం మోపగానే చురుక్కుమంది. ఒకప్పుడు కాయలు కాచి మొద్దుబారిన పాదాలే, రిటైరైన ఎనిమిదేళ్లలో మెత్తబడిపోయాయి. రెండడుగులు వేసేసరికి ఒళ్లు తూలింది. ట్రాలీ వెనక కర్రను పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాడు. చూస్తున్న పాతికమందీ చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో ఆయనకు అర్థం కాలేదు.

ట్రాలీ మీది బెంచీలో, గొడుగు కింద, శ్రీనివాసరావు కూర్చుని ఉన్నాడు. పాత మీటర్ గేజి లైన్లో పట్టాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎనభై నాలుగేళ్లొచ్చినా ఇస్త్రీ మడత నలగలేదు. ఆయన కూర్చుంటే నలుగురు ట్రాలీ కూలీలు పట్టాల మీద వట్టికాళ్లతో ఉరుకుతూ తోసేవాళ్లు. ఆ నలుగురిలో సత్యానందం ఒకడు.

"పదవోయ్ సత్యానందం, పాత జోరంతా ఏమైంది? మీ ఆవిడ వంట మానేసిందా?" అన్నాడు శ్రీనివాసరావు.

అందరూ నవ్వారు. సత్యానందం కూడా నవ్వాడు. సారు జోకేస్తే నవ్వాలన్నది ఆ నౌకరీలో మొట్టమొదట నేర్చిన పని. నౌకరీ పోయినా ఆ నవ్వు పోలేదు. నవ్విన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

వీళ్లంతా రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లు. సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు, డాక్టర్లున్నారు, బ్యాంకు మేనేజరొకాయన ఉన్నాడు. పాత ఇంజన్ల నంబర్లు, ఎత్తేసిన స్టేషన్ల పేర్లు నోటికి గడగడ అప్పజెపుతారు. తుక్కు వేలంలో ఈ ట్రాలీని కొని, శామీర్‌పేటలో చెరువు దాటాక ఒకాయన ఫామ్‌హౌస్‌లో వంద అడుగుల పట్టా వేయించారు. పాత ఉద్యోగులను పిలిచి వాళ్ల నోటితోనే చరిత్ర చెప్పించి దాచుకోవాలని వాళ్ల కోరిక. కోరికలో తప్పేమీ లేదు పాపం. సత్యానందం మనవరాలు కెజియా, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న పిల్ల, వాళ్లలో చేరింది. మా తాత కూడా ట్రాలీ తోసినోడే అని గొప్పగా చెప్పి మేడ్చల్ నుంచి ఆటోలో తీసుకొచ్చింది.

తాతను ఒక్కణ్ణే తెస్తే ఏ గొడవా ఉండేది కాదు. అత్వెల్లి దగ్గర ఆటో ఆపించి, తమ చర్చికే వచ్చే దానమ్మను కూడా ఎక్కించుకుంది. "అవ్వ వాళ్లాయన గూడ ట్రాలీ మీద్నే పోయిండంట గద తాతా, అవ్వతోని గూడ మాట్లాడిపిస్తం," అంది. ఆయన చోటిచ్చి జరిగాడు గానీ ఆమె వైపు తిరగలేదు.

దారంతా దానమ్మ ఆయన పక్కనే కూర్చుంది. తూముకుంట దాటాక, బయటికి చూస్తూ, "అన్నా, ఆఖరికి నా పేరే దీస్కున్నడంటివి గద," అంది. ప్రతి ఏడూ ఏదో ఒక సందులో ఆ మాట అడుగుతుంది. ప్రతిసారీ ఆయన తలూపుతాడు. ఈసారీ ఊపాడు.

ఆ తలూపుడు వెనక ఉన్నది ఇదీ. ముప్పై మూడేళ్ల కిందటి మాట. ట్రాలీకి నలుగురు మనుషులుండాలి. ఎదురుగా రైలొస్తే నలుగురూ నాలుగు మూలలా పట్టి, ఒక్క ఊపులో ఎత్తి పక్కకు దించాలి. ముందు కనపడని మలుపుల్లో ఒకడు ఎర్రజెండాతో ముందు నడవాలి. రూలు అదీ. నడిచింది వేరు. రోజూ నలుగురిలో ఒకడు వంతు ప్రకారం ఇన్‌స్పెక్టరు గారి ఇంటికి పోవాలి. నీళ్లు తోడాలి, కట్టెలు కొట్టాలి, గిన్నెలు తోమాలి. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, మాత్రం నలుగురూ లైను మీదే ఉన్నట్టు రాసేవాడు సారు.

దానమ్మ మొగుడు గిడియోన్ ఒక్కడు ఆ వంతుకు పోయేవాడు కాదు. "పట్టా మీద ఎంత దూరమన్న ఉరుకుత గని, ఇంకోని ఇంట్ల ఎంగిలి గిన్నెలు తోమ," అనేవాడు. వాడి వంతు కూడా సత్యానందమే పోయేవాడు. పోతే మిగిలిన కూర ఇచ్చేవాళ్లు, ఇంట్లో ముగ్గురు పిల్లలు దాని కోసం ఎదురు చూసేవాళ్లు.

ఆ రోజు సారు కొడుకు పుట్టినరోజు. వంతు గిడియోన్‌ది. సత్యానందం పోయి పొద్దుటి నుంచి గంగాళాలు తోముతూ, బావిలో నీళ్లు తోడుతూ ఉన్నాడు. లైను మీద మిగిలింది ముగ్గురు. విందు వేళకు ఇల్లు చేరాలని సారుకు తొందర, జెండా మనిషిని ముందు పంపలేదు. గుట్ట కోసి వేసిన మలుపులో గూడ్సు బండి మీదికొచ్చింది. సారు దూకేశాడు. ముగ్గురూ ట్రాలీ ఎత్తబోతే ఒక మూల లేవలేదు. ఇద్దరు వదిలేశారు. గిడియోన్ వదల్లేదు, ట్రాలీతో పాటే బండి కింద పోయాడు. ఇదంతా సాయంత్రం, వదిలేసిన ఇద్దరిలో ఒకడైన పరమేశ్ ఏడుస్తూ చెబితే సత్యానందానికి తెలిసింది. ఆ మూల సత్యానందం పట్టాల్సిన మూల.

మర్నాడు సారు కాగితం తెచ్చాడు. "మస్టర్‌లో నువ్వున్నావు. లేవని తేలితే నీ పని ఊడుతుంది, నా నౌకరీ పోతుంది. వాడు తాగి ఉన్నాడు, నువ్వు చూశావు, అంతే. వచ్చే లిస్టులో నిన్ను పర్మినెంటు చేయిస్తాను," అన్నాడు. సత్యానందానికి అప్పుడు కూలి రోజుకు ఇరవై రెండు రూపాయలు. సంతకం పెట్టాడు. చూడని చావుకు సాక్షి అయ్యాడు. ట్రాలీ వదిలేసిన ఇద్దరూ తమ నౌకరీల భయంతో నోరెత్తలేదు. ఏడు నెలలకు పర్మినెంటు అయ్యాడు.

తాగి చచ్చాడన్న మాట కాగితం మీదికెక్కాక దానమ్మకు పైసా రాలేదు, నౌకరీ రాలేదు. చర్చి పెద్దలు తాగుబోతుకు గంట కొట్టేది లేదన్నారు. గుంత దగ్గర రెండు మాటల ప్రార్థన చేసి మన్ను కప్పేశారు. చుక్క ముట్టని మనిషి, చర్చిలో డోలక్ వాయించేవాడు! ఆమె ద్రాక్షతోటల్లో కాయలు కోసింది. తోటలు ప్లాట్లయ్యాక జీడిమెట్లలో మందుల సీసాలు కడిగింది, చేతుల తోలు ఊడేదాకా కడిగింది. చచ్చిన మొగుణ్ణి తిట్టుకుంటూనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆ తిట్లు వినలేక ఒకనాడు సత్యానందమే, ఊరుకో చెల్లె, ఆఖరికి నీ పేరే తలుచుకున్నడు అన్నాడు. జాలిపడి అన్న అబద్ధం అది. దాన్నే ఆమె ఇన్నేళ్లూ కొంగున కట్టుకుని తిరిగింది. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, ఆడవాళ్ల వరసలో ఆమె, మగవాళ్ల వరసలో ఆయన. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అని పాస్టరు గారన్నప్పుడల్లా ఆయన తల వంచి, ఆ తర్వాత చెయ్యి చాచేవాడు. సిగ్గులేని చెయ్యి అది, ఆయనకూ తెలుసు.

ట్రాలీ తోయడం అయిపోయింది. అందరికీ మజ్జిగ ఇచ్చారు. షామియానా కింద శ్రీనివాసరావు మైకు పట్టుకున్నాడు. మంచి మాటకారి. తుఫానులో కొట్టుకుపోయిన వంతెన గురించి చెప్పాడు, చీకట్లో ఎలుగుబంటి ఎదురైన సంగతి చెప్పి నవ్వించాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అన్నీ నవ్వు కబుర్లే కాదండీ. నా సర్వీసులో ఒక్క ప్రాణం పోయింది. ట్రాలీ కుర్రాడు. మంచివాడే, కానీ ఆ రోజు కాస్త మత్తులో ఉన్నాడు. రైలొస్తోంది, వదిలెయ్యరా అని అరిచాను. వినలేదు. ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది."

అయ్యో అన్నారు నలుగురైదుగురు. ముందు వరసలో దానమ్మ లేచి నిలబడింది. సారు ఆమెను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు, ఆమె మొహం ఎన్నడు చూశాడు గనక!

"అయ్యా," అంది. "ఆయన తాగంగ మీరు సూసిండ్రా?"

శ్రీనివాసరావు కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. "మీరెవరమ్మా?"

"ఆయన పెండ్లాన్ని."

శ్రీనివాసరావు మైకును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "నేను చూశానని అనలేదమ్మా. దానికి సాక్షి ఉన్నాడు. ఎంక్వైరీలో చెప్పింది ఇతనే. చెప్పవయ్యా సత్యానందం, పాపం, ఆవిడకు నువ్వే చెప్పు."

విశ్వతేజ కెమెరా ఇటు తిప్పాడు. పాతికమంది మొహాలూ ఇటు తిరిగాయి. కెజియా ఒక్కతే చిన్నగా నవ్వుతూ, చెప్పు తాతా అన్నట్టు చూసింది. ఆ నవ్వు చూసి ఆయనకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఒక్క తలూపుడు చాలు, గండం గడుస్తుంది. మధ్యాహ్నం బిర్యానీ తిని, శాలువా కప్పించుకుని ఇంటికి పోవచ్చు. మెడ దానంతటదే కిందికి వంగబోయింది, అలవాటైన మెడ కదా.

"నేను ఆడ లేను," అన్నాడు.

"ఏమిటీ?" అన్నాడు శ్రీనివాసరావు.

"నేను ఆడ లేను సార్. గా దినం నేను మీ ఇంట్ల గంగాళాలు తోముతున్న. మీ కొడుకు పుట్టినదినం. మస్టర్ల ఉన్న, లైను మీద లేను." దానమ్మ వైపు తిరిగాడు గానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "వాడు తాగలే చెల్లె. నేను సూడనే లే. సంతకం వెట్టిన. నౌకరీ కోసం వెట్టిన."

దానమ్మ ఆయన మొహంలోకే చూసింది. తర్వాత అడిగింది. "మరి, నా పేరు దీస్కున్నడంటివి?"

ఆయన చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఆడ లేనోనివి ఎట్లిన్నవు?"

"అబద్ధం," అన్నాడు సత్యానందం. "గది గూడ అబద్ధమే."

ఆమె పక్క కుర్చీ వీపు పట్టుకుంది. "నేను తిట్టుకున్న," అంది తనలో తాను అనుకున్నట్టు. "తాగి నా పిల్లల నోట్ల మన్ను గొట్టిండని ఇన్నేండ్లు తిట్టుకున్న. సమాధికాడికి సుత పోలే." అప్పుడు సత్యానందానికి తను దొంగిలించింది ఒక్క నౌకరీ కాదని తెలిసింది. ఆ మొగుణ్ణీ పెళ్లాన్నీ కూడా విడగొట్టాడు. ఏడుద్దామంటే ఏడవడానికి కూడా సిగ్గేసింది.

శ్రీనివాసరావు మైకు పక్కన పెట్టేశాడు. "బాబూ విశ్వతేజా, అది తీసెయ్. వయసు మీద పడి ఏదో మాట్లాడుతున్నాడు. రికార్డులున్నాయి, మస్టర్ ఉంది."

"మస్టర్ రాసింది మీరే సార్," అన్నాడు సత్యానందం. సారుకు ఎదురు మాట చెప్పడం జన్మలో ఇదే మొదలు.

విశ్వతేజ కెమెరా దించి అటూ ఇటూ చూశాడు. ఈ చరిత్రను ఏం చేయాలో అతనికి తెలియలేదు. "తాతా, మీ ఇష్టం. ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు మెల్లగా. కెజియా తల తిప్పుకుంది. నవ్వు ఎప్పుడో పోయింది.

"ఆయన్నేం అడుగుతవు బిడ్డా?" అంది దానమ్మ. "నన్నడుగు. తియ్యకు."

కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ముప్పై మూడేళ్లుగా అన్నా అని పిలిచిన మనిషి, ఈసారి పేరు పెట్టి పిలిచింది.

"సత్యానందం. ఇందాకటి సంది వాడు, వాడు అంటున్నవు. గాయనకు పేరు లేదా?"

"ఉన్నది."

"మల్ల మొదటికెళ్లి జెప్పు. పేరు వెట్టి జెప్పు."

కెమెరా మీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. శ్రీనివాసరావు లేచి కారు వైపు నడుస్తున్నాడు, ఎవరో గొడుగు పట్టుకుని వెంట పరుగెత్తారు. సత్యానందం కెమెరా వైపు తిరిగాడు. "ట్రాలీ మీద ముగ్గురే ఉన్నరు. నాలుగో మనిషిని నేను, నేను లేను. గిడియోన్ తాగలే." ఆ పేరు దగ్గరికొచ్చేసరికి మాట లోపలికి పోయింది, పెదవులు మాత్రం కదిలాయి.

"గట్టిగ," అంది దానమ్మ. "నాకు ఇనవడ్డది. ఆళ్లకు ఇనవడలే."