కిటికీ దాకా ఎనిమిది అడుగులు

నాకు ముక్కు మీద కోపం. పనిలో అయితే మరీను. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు నేలలు వేస్తున్నాను. నేను వేసిన నేల లేచిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ఆ ఒక్క గొప్ప చూసుకునే మా అక్కకి అన్యాయం చేశాను.

అక్క గదికి పడమటి వైపంతా పెద్ద పెద్ద కిటికీలే. మధ్యాహ్నం దాటితే ఎండ మంచం దాకా వచ్చేస్తుంది. ఆ ఎండకి పాత చెక్క పలకలు రంగు వెలిసి, అతుకుల దగ్గర అంచులు పైకి లేచాయి. మామూలు మనిషికి అదో లెక్క కాదు. కానీ జబ్బు చేశాక అక్క కుడికాలు ఈడ్చి నడిచేది, ప్రతి అంచూ ఆ కాలికి తగిలేది. రెండుసార్లు పడబోయింది. అప్పట్నుంచీ బావ తను పక్కన లేకుండా అక్కని మంచం దిగనివ్వలేదు.

"ఒరేయ్, నాకీ నేల మార్చిపెట్టరా," అంది ఒకరోజు. "మంచం నుంచి కిటికీకి ఎనిమిది అడుగులు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచెళ్ళి అక్కడ నిలబడాలి. అంతే."

మర్నాడే మూడు రకాల ముక్కలు పట్టుకెళ్ళాను. ఒకటి చెక్క, ఒకటి ప్లాస్టిక్ లాంటి వినైల్, ఒకటి కాస్త గరుకుగా ఉండే బూడిదరంగు టైలు. అక్క మంచం అంచున కూర్చుని ఒక్కోదాని మీదా కుడిపాదం ఆనించి చూసింది. టైలు మీద కాలు పెట్టగానే, "ఇదే," అంది.

"కాళ్ళు చల్లబడి కొంకర్లు పోతాయే."

"ఇంత ఎండలో చల్లదనమేంట్రా, పిచ్చి మొహమా!"

నేను వింటే కదా. ఎండ గదులకి నాదొక పద్ధతి ఉంది. ముక్కల్ని సగానికి అట్ట కప్పి, కిటికీ గట్టు మీద నలభై రోజులు వదిలేస్తాను. ఆ తర్వాత అట్ట తీస్తే ఏది వెలిసిందో, ఏది వంగిందో తేలిపోతుంది. ఊళ్ళో అందరికీ చేసే పరీక్ష సొంత అక్కకి చెయ్యనా? మూడింటినీ గట్టు మీద పేర్చాను.

"నీ పెళ్ళికి కూడా ఇంత ఆలోచించలేదు కదరా," అని నవ్వింది అక్క.

మూడు వారాలయ్యేసరికి ఆ నవ్వు సన్నబడింది. "ఏదో ఒకటి వేసెయ్యరా," అంది.

"వేస్తే ఇరవై ఏళ్ళు మన్నాలక్కా."

"ఇరవై ఏళ్ళు ఎవరికిరా?"

కస్సుమన్నాను. ఇంకోసారి అలా మాట్లాడితే ఈ గడప తొక్కనన్నాను. అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బయటికొచ్చాక బావ నా భుజం మీద చెయ్యేసి, "డాక్టరు రెండు నెలలు కూడా చెప్పలేదు. నీకు ముందే చెప్పాను కదయ్యా," అన్నాడు.

చెప్పాడు. నేనే చెవిన వేసుకోలేదు. ఇరవై ఏళ్ళు మన్నే నేల వేస్తే దాని మీద అక్క ఇరవై ఏళ్ళు నడుస్తుందని నమ్మాను. నలభై రోజుల్లో ఒక్కరోజు తగ్గించినా డాక్టరు మాటకి ఒప్పుకున్నట్టేనని భయపడ్డాను.

ముప్పై మూడో రోజు మధ్యాహ్నం, గది నిండా ఎండ ఉండగా, మంచం మీదే అక్క పోయింది.

నలభయ్యో రోజున వెళ్ళి అట్టలు తీశాను. చెక్క ఎండ తగిలిన మేర వెలిసి, అడ్డంగా గీత పడింది. వినైల్ పచ్చబడి మూల లేచింది. టైలు మాత్రం ఎలా పెట్టానో అలాగే ఉంది. ఎండ తగిలిన సగమేదో, అట్ట కిందున్న సగమేదో నాకే తెలియలేదు. దాన్ని గుండెకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"నేల వేస్తాను బావా," అన్నాను. ఇంకెవరి కోసమని ఆయన అడగలేదు. మంచం ఓ కొస తను పట్టుకుని, రెండో కొస పట్టుకోమన్నాడు.

పని పూర్తయ్యాక చెప్పులు విప్పి, మంచం ఉండే చోట నిలబడ్డాను. కుడికాలు ఈడుస్తూ నడిచాను. ఎక్కడా తగల్లేదు. ఎనిమిదో అడుగుకి కిటికీ దగ్గరున్నాను. కాళ్ళ కింద టైలు వెచ్చగా ఉంది.

పాత పలకలు పీకడం, టైలు పరచడం, ఆరడం, అంతా కలిపి మూడు రోజుల పని. ఆ టైలు మీద కాలు పెట్టి "ఇదే" అన్నాక, మా అక్క ముప్పై మూడు రోజులు బతికింది.