ఆకుపచ్చకి ఒక ఊఁ

"నీకేం తల్లీ, వాడి పక్కన నిలబడి ఊఁ కొట్టి వచ్చేస్తావు. కష్టమంతా వాడిదేగా" అంది అత్తయ్య.

అప్పుడు నేను వాళ్ళబ్బాయి, అంటే మా ఆయన మేజోళ్ళు జత చేస్తున్నాను. ఆకుపచ్చవి ఒక ముడి, గోధుమరంగువి ఒక ముడి. ఈ పని ఆయన చేసుకోలేరు. బద్ధకం కాదు. ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా ఆయన కళ్ళకి తెలియదు. ఈ సంగతి అత్తయ్యకి తెలియదు, మరిదికి తెలియదు, ఆయన కంపెనీకి అసలే తెలియదు. లోకం మొత్తం మీద తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. పదిహేనేళ్ళుగా నోరు కుట్టేసుకుని ఉన్నాను.

తెలిస్తే ఏమవుతుంది అంటారా? ఆయన ఫైబర్ జాయింటర్. డేటా అంతా ఈ రోజుల్లో వెలుతురై వెళ్తుంది, వెంట్రుకంత సన్నటి గాజు తీగల్లోంచి. ఒక్కో కేబుల్లో పన్నెండు తీగలు, పన్నెండు రంగులు. వాటిని అతికి, చివర కనెక్టర్ తొడిగి, దాని గూట్లో టక్కుమని కూర్చోబెట్టాలి. కనెక్టర్లకీ రంగులే గుర్తు. రంగు తప్పితే పని తప్పినట్టే. అలాంటి పనిలో ఉన్న మనిషి పెళ్ళైన రెండో నెలలో సంచీడు పచ్చి టమాటాలు తెచ్చి, "ఎంత ఎర్రగా ఉన్నాయో చూడు" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వారమే ఒక ఆఫీసులో రెండు తీగలు తారుమారు చేసి చీవాట్లు తిని వచ్చారు. నా ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు నిజంగా జాలేసింది, ఆ మాట ఎందుకు దాచాలి? మర్నాడు అన్నం డబ్బా పట్టుకెళ్ళే వంకతో నేనూ వెళ్ళాను.

అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం. ఆయన తీగ ముట్టుకుంటారు. ఆకుపచ్చకి ఒక ఊఁ, గోధుమరంగుకి రెండు, ఎరుపుకి చిన్న దగ్గు. చూసేవాళ్ళకి మొగుడి కబుర్లకి ఊఁ కొట్టే పెళ్ళాం. "మా ఇంటావిడకి నేనంటే ఎంత గురో చూడండి, పనిలో కూడా వదలదు" అనేవారు తోటివాళ్ళతో. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను సంచి మోస్తూ, దీపం పట్టుకుంటూ, కనెక్టర్ మూతి తుడుస్తూ ఊఁ కొట్టేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన కాళ్ళు చాపుకుని కూర్చునేవారు, నేను గిన్నెలు తోమేదాన్ని. ఇద్దరం ఒక చోట నుంచే వచ్చామని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మొదట్లో నాకూ తట్టలేదు, అదీ నా మీద నాకు కోపం.

ఊరికే నిలబడితే బుర్ర ఊరుకోదు కదా. ఏ కనెక్టర్ ఎక్కడికో, ఎందుకో ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఐదేళ్ళకి కంపెనీ వాళ్ళిచ్చే పుస్తకాలన్నీ చదివేశాను, ఆయన వాటి అట్ట కూడా విప్పలేదు. తీగలు అతకడం కూడా నా చేతుల్లోకే వచ్చింది. సన్నటి పని, ఆడవాళ్ళ చేతులు వణకవు అన్నారు ఆయన. అదొక మెప్పు అనుకుని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. పాత భవనం, కొత్త భవనం, రెంటికీ మధ్య స్కానింగ్ బొమ్మలు నడిచే లైను. మొత్తం కనెక్టర్లు ఎంచి జాబితా ఇమ్మన్నారు. ఒక కన్ను పొయ్యి మీది కూర మీద వేసి, వంటింటి బల్ల మీద మూడు రోజులు రాశాను. కొత్త భవనంలో పెట్టెలు కిక్కిరిసి ఉంటాయి, అక్కడ చిన్న నీలం కనెక్టర్లు, పెద్దది ఒకటి పట్టే చోట ఇవి రెండు పడతాయి. మోటార్లు అదిరే గదిలో మర తిప్పి బిగించే గుండ్రటివి, లాగినా ఊడిరావు. బయట నుంచి వచ్చే పొడవాటి లైనుకి పెద్ద ఆకుపచ్చవి. వాటి మూతి ఏటవాలుగా కోసి ఉంటుంది, వెనక్కి తిరిగిన వెలుతురు మళ్ళీ లైనులో పడకుండా పక్కకి పోతుంది. పాత భవనంలో లావు తీగలు, అంటే లోపల వెలుతురు నడిచే దారి లావు, వాటికి లేత గోధుమరంగువి. ఈ చివరి రెండింటి దగ్గరే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. రెండూ ఒకే కొలత, ఒకే చతురస్రం. దాని గూట్లో ఇది పెట్టినా టక్కుమని కూర్చుంటుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వెలుతురు మాత్రం సరిగ్గా దాటదు.

మేజోళ్ళు సర్దేసి, బయల్దేరే ముందు అడిగాను. "ఈసారి నన్ను కూడా జాయింటర్ అని రాయించండి."

ఆయన బూట్లు వేసుకుంటూ అన్నారు, "రాతదేముందే. హెల్పర్ అంటే నీ చేతులేమైనా అరిగిపోతాయా? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ జాయింటర్లంటే నవ్విపోతారు."

"వాళ్ళావిడే పెద్ద మేస్త్రి అంటారేమో" అని మరిది లోపల్నుంచి ఒక రాయి వేశాడు. అత్తయ్య నవ్వింది. ఆయనా నవ్వారు. ఈ ఇంట్లో ఆయన కళ్ళ గురించి నేనొక్కసారి కూడా నవ్వలేదు, పచ్చి టమాటాల రోజు తప్ప.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడి బల్ల మీద రిజిస్టరు ఉంది. పేరు, పని అని రెండు గళ్ళు. ఆయన తన పేరు రాసి, పక్కన జాయింటర్ అని రాశారు. కింద గడిలో 'హెల్పర్, ఒకరు' అని రాశారు. నా పేరు రాయడానికి ఆ కలానికి మనసు రాలేదు.

డేటా గదిలో కళ్ళజోడు ఇంజనీరమ్మ జాబితా చూస్తోంది. "చాలా శ్రద్ధగా రాశారు. ఎవరిది?"

"నాదేనండి" అన్నారు ఆయన. "చేతిరాత బాగుంటుందని మా ఆవిడ చేత రాయించాను."

నేను సంచి కింద పెట్టాను. ఆవిడ అప్పుడు నా వైపు చూసింది. "ఈవిడ ఏం చేస్తారు? గదిలో పనివాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు."

ఇదే అదను. ఆయన ఒక్క మాట అంటే చాలు. నేను ఆయన మొహం చూశాను. ఆయన సంచి వైపు చూశారు.

"తుడుస్తుందండి" అన్నారు.

"తుడవడానికి మా మనిషి ఉంది. మీరు బయట కూర్చోండమ్మా."

బయట కూర్చున్నాను. వరండాలో ఒక పొడుగాటి బల్ల, ఎదురుగా గోడ. పదిహేనేళ్ళలో పనివేళ ఖాళీగా కూర్చోవడం అదే మొదటిసారి. ఆ పాత తీగల ముందు ఆయన ఒక్కరే నిలబడి ఉంటారని తెలుసు. పొరపాటు పడితే లైను పరీక్షలో తేలుతుంది, రోగుల దాకా పోదు. పోయేది ఆయన పరువు. దాన్ని కాపాడటానికి ఇన్నేళ్ళూ లేచినట్టే ఇప్పుడూ లేవబోయాను. అలవాటు అలాంటిది. బలవంతంగా మళ్ళీ కూర్చున్నాను.

పావుగంటకి ఫోన్ మోగింది. ఆయనే, గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "నీళ్ళ సీసా ఇచ్చే వంకతో ఒకసారి రా."

"సీసా సంచిలోనే ఉంది."

"నాటకాలాడకు. వచ్చి ఊరికే నిలబడు చాలు."

"ఊరికే నిలబడే వాళ్ళని రానివ్వరట. విన్నారుగా."

"ఏం కావాలే నీకు?" ఈసారి గొంతులో బెదురు. ఆ బెదురు నాకు కొత్త కాదు, నా ఒళ్ళో తల పెట్టుకున్ననాటిది. ఒక్క క్షణం గుండె కరిగింది. కరిగినా కాళ్ళు మాత్రం గదివైపు కాకుండా గేటువైపు నడిచాయి.

రిజిస్టరు నా వైపు తిప్పుకుని, 'హెల్పర్, ఒకరు' మీద అడ్డంగా గీత గీశాను. కాపలావాడు కంగారుపడ్డాడు. "అమ్మా అమ్మా, అలా కొట్టేయకూడదు. మీ సార్ ఒప్పుకోవాలి."

"ఆయన రాసిన మాట తప్పు, దిద్దుతున్నాను" అని నా పేరు రాశాను. పూర్తిగా, ఇంటిపేరుతో సహా, పుట్టింటిది. పక్క గడిలో జాయింటర్ అని రాశాను. పదిహేనేళ్ళ పని, రాయడానికి అరనిమిషం కూడా పట్టలేదు. కాపలావాడు నన్నూ ఆ గడినీ మార్చి మార్చి చూసి, "మీరూ చేస్తారా ఇది?" అన్నాడు. మంచివాడే. లోపలికి పోనిచ్చాడు.

నన్ను చూడగానే ఇంజనీరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "మళ్ళీ వచ్చారేంటమ్మా?"

"ఆ జాబితా రాసింది నేనండి. ఎంచిందీ నేనే. నమ్మకం కుదరకపోతే ఏదైనా అడగండి."

ఆవిడ కాగితం తిప్పింది. "పాత భవనంలోనూ ఆకుపచ్చవే పెట్టి ఒకే రకం చేయచ్చుగా?"

"తీగలు మార్చకుండా కనెక్టర్లు మారిస్తే లాభం లేదండి. అక్కడివి లావు తీగలు, బయట నుంచి వచ్చేది సన్న తీగ. గూట్లో కూర్చుంటుంది గానీ వెలుతురు చాలా మటుకు అక్కడే పోతుంది. తీగలు మార్చేదాకా అవి వేరు, ఇవి వేరుగానే ఉండాలి."

ఆవిడ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

ఆయన రెండు చేతుల్లో రెండు కనెక్టర్లు. ఎదురుగా బయటి లైను తాలూకు ఖాళీ గూడు. అలవాటుగా కుడి చేయి కొంచెం పైకెత్తి, తల నా వైపు వంచారు. ఆ వంపు నాకు ఎంత బాగా తెలుసో. ఊఁ కోసం ఎదురుచూపు. నేను నోరు తెరవలేదు. ఆయన మెల్లగా నా మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం వచ్చింది, పోయింది. తర్వాత బతిమాలడం వచ్చింది. అయినా నేను ఊఁ అనలేదు. అడిగితే చెబుతాను. అడగాలి, అంతే.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఇంజనీరమ్మ వినేలాగే, పైకే అడిగారు.

"వీటిలో... ఆకుపచ్చది ఏది?"

"ఎడమ చేతిలోది" అన్నాను. "ఇలా ఇచ్చి అటు జరగండి. నేను పెడతాను."