డ్రమ్ము పక్కన మిలుస్కా

ట్యాంకరువాడిది ఒకటే పట్టు. డ్రమ్ము దగ్గర మనిషి నిలబడితేనే గొట్టం వదులుతాడు, లేకపోతే బండి ముందుకు పోతుంది. మా కొండ మీదికి కుళాయిలు ఇంకా రాలేదు. లిమా నగరమంతా కింద పరుచుకుని కనబడుతుంది గానీ, నీళ్లు మాత్రం బండెక్కి రావాలి.

ఆ గురువారం ఉమ్మడి వంటింట్లో నా వంతు. వంతు తప్పితే ఆ వారం మా ఇంటికి అన్నం గిన్నెలు రావు. అదే పూట బళ్లో మిలుస్కాకి కవాతు సాధన. జులైలో వచ్చే స్వాతంత్ర్య పండక్కి జెండా మోసే పిల్లల్లో మా అమ్మాయినీ ఎంచారు. సాధనకి రాకపోతే జెండా ఇంకొకరికి పోతుందని టీచరమ్మ ముందే చెప్పింది. వాళ్ల నాన్న ఎక్కడో గనిలో ఉన్నాడు. ఇంక నిలబడేదెవరు?

చివరికి పక్కింటి ఎఫ్రసీనక్క తలుపు కొట్టాను. పోయిన నెల ట్యాంకరులో ఆఖరి నీళ్లు ఆవిడ డ్రమ్ములో పడ్డాయి, నాది ఖాళీగా ఉండిపోయింది. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు.

"ఓహో, రాణీగారికి మా గడప గుర్తొచ్చిందే!"

"అక్కా, నా డ్రమ్ము దగ్గర కాస్త నిలబడవా? చంటాడికి ఒళ్లు వెచ్చగా ఉంది, వాణ్ణి వీపుకి కట్టుకునే వంటకి పోతున్నా."

"నిలబడతాలే. నీ నీళ్లన్నీ తాగెయ్యడానికి నాదేమన్నా ఒంటె పొట్టా?"

ఇద్దరం నవ్వాం. మిలుస్కాకి తెల్లచొక్కా తొడిగి బడికి పంపించాను.

ఆలుగడ్డల తొక్క తీస్తుంటే ట్యాంకరు హారన్ వినబడింది. మనసాగక బయటికొచ్చి చూశాను. నా డ్రమ్ముకి అటుపక్క ఎఫ్రసీనక్క, ఇటుపక్క నా కూతురు! కత్తి పక్కావిడ చేతిలో పెట్టి మెట్లెక్కి పరిగెత్తాను.

"చూడవే, బడికి పొమ్మంటే పోదు! నేనేదో దొంగనైనట్టు కాపలా కాస్తోంది," అంది ఎఫ్రసీనక్క.

"ఎందుకొచ్చావే?" అన్నాను.

"సగం మెట్లు దిగాక భయమేసిందమ్మా. ఆవిడ నీళ్ల దొంగ, నమ్మకూడదని నువ్వేగా రోజూ అంటావు!"

ఎఫ్రసీనక్క నా వంక చూడలేదు. నిండిన డ్రమ్ము మీద మూత సరిగ్గా పెట్టి, లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

పిల్ల చెయ్యి పట్టుకుని బడికి పరిగెత్తాను. సాధన అయిపోయింది. "ఇంకో అమ్మాయికి ఇచ్చేశానమ్మా, ఏం చెయ్యను?" అంది టీచరమ్మ.

తిరిగి మెట్లెక్కుతున్నప్పుడు మిలుస్కా ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. ఏడవలేదు.

"పోనీలే అమ్మా, నీళ్లైతే నిండాయి," అంది పెద్దదానిలా. "ఈసారి నుంచి నేనే నిలబడతాను. నువ్వు ఎవర్నీ అడగొద్దు."