పెళ్ళిచూపుల నాటి గుల్లలు

పెళ్ళివారు పన్నెండింటికి వస్తామని కబురు చేశారు. పదింటికల్లా సముద్రపు పాటు వచ్చి ఏటి నీళ్ళు వెనక్కి తగ్గాయి. వాళ్ళకి ఏటి బురదలో దొరికే గుల్లల కూర పెట్టాలని పెళ్ళికూతురి తండ్రి అచ్చిబాబు ముచ్చట. బజారు సరుకు మీద నమ్మకం లేక, పెళ్ళికూతురు హారతే పాత నైటీ మీద అన్నయ్య చొక్కా తొడుక్కుని, బకెట్టుతో బురదలోకి దిగింది. డిగ్రీ అయి రెండేళ్ళయింది. ఈ సంబంధం మీద ఆమెకి ఆశా లేదు, భయమూ లేదు.

బకెట్టు సగం నిండేసరికి వెనకాల చప్పుడైంది. యాభై ఏళ్ళావిడ పట్టుచీర ఎగదోపి, పిక్కల దాకా దిగబడి నవ్వుతోంది.

"అటు ఊబండి! ఇలా రండి," అంటూ హారతి చెయ్యందించి లాగింది. "పట్టుచీరతో ఇక్కడ పనేంటండి?"

"ఈ బురద చూసి ఆగలేకపోయానమ్మా. మా పుట్టిల్లూ ఏటిగట్టే. తుని వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళయింది, మళ్ళీ ఒక్క గుల్ల తియ్యలేదు."

మాట్లాడుతూనే ఆవిడ కాలి వేళ్ళతో తడిమి, వంగి గుప్పెడు గుల్లలు తీసింది. హారతి కంటే చురుకు. హారతికి పంతం వచ్చింది. ఇద్దరూ పోటీపడి తీశారు.

"ఎవరింటికొచ్చారండి?"

"అచ్చిబాబుగారి అమ్మాయిని మా అబ్బాయికి చూడ్డానికి. నా పేరు రత్నమాణిక్యం. ఇంత ముందుగా వెళ్తే వాళ్ళకి కంగారని మావాళ్ళు గట్టుమీద కార్లో ఆగారు."

హారతి చేతిలో గుల్లలు జారిపోయాయి. ముఖం నిండా బురద. పారిపోదామనుకుంది. ఇంకా దాచేదేముందిలే అని, "ఆ అమ్మాయి నేనేనండి," అంది.

రత్నమాణిక్యం ఏరంతా వినపడేలా నవ్వింది. "అయితే చూపులైపోయాయి కదే! పద, నీళ్ళు తిరిగొచ్చేలోపు బకెట్టు నింపుదాం."

ఇద్దరూ బురదోడుతూ గట్టెక్కారు. కారు దిగిన పెళ్ళికొడుకు గణేష్‌బాబు తల్లిని చూసి, హారతిని చూసి పకపకా నవ్వాడు. అందులో వెక్కిరింత లేదు. మరుక్షణం పరుగున వచ్చి బకెట్టు అందుకున్నాడు.

గుల్లలు ఉడికించి, మాంసం తీసి, ఇసుక పోయేదాకా కడిగి, చింతకాయ వేసి వండారు. వడ్డించబోతే గణేష్‌బాబు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు పడవండి. తింటే ఒళ్ళంతా దద్దుర్లు."

అచ్చిబాబు మొహం చిన్నబోయింది.

"మీరేం బాధపడకండి. వాడి వాటా నేనూ హారతీ చూసుకుంటాం," అంది రత్నమాణిక్యం.

అచ్చిబాబు వంటింట్లోకొచ్చి కూతుర్ని గుసగుసగా అడిగాడు. "ఏమ్మా, నీకెవరు నచ్చారు? అబ్బాయా, అత్తగారా?"

"ఇద్దరూనండి నాన్నగారూ," అని హారతి కూర గిన్నె పట్టుకుని బయటికి నడిచింది.