లాలాబీ కొలకర్ర

ఎమ్మిగనూరులో ఖాసిం సాబ్ ఇంటి మగ్గం మరునాడు పొద్దున్నే పాతకొయ్యలు కొనేవాడి బండెక్కాల్సి ఉంది. చూపు మందగించి ఆయన నేత మానేశాడు. "మీ అమ్మ కట్టుకుంటాండిన పెద్దంచు చీర నీ పెట్టెతో నేస్తే మగ్గం ఉంటాది. లేదంటే పోతాది" అని కూతురు యాస్మిన్‌కు తేల్చి చెప్పేశాడు.

యాస్మిన్ ఆదోనిలో పిల్లలకు సీ అనే కంప్యూటర్ భాష నేర్పుతుంది. ఆ మగ్గం చప్పుడులోనే పెరిగింది. అమ్మ లాలాబీ ఎటూ లేదు, ఇక ఆ చప్పుడు కూడా పోతే ఇల్లు మూగబోతుందని ఆమె దిగులు. అందుకే ఏ పోగు లేవాలో, ఏది అణగాలో చెప్పే చిన్న కంప్యూటర్ పెట్టెను మగ్గానికి బిగించింది. దాని ప్రోగ్రాం మూడు ఫైళ్లు: అంచుకొకటి, నడుమకొకటి, కొంగుకొకటి. అంచుకు ఎన్ని పోగులో చెప్పే అంకెకు ఒక పేరు పెట్టుకుంది. దాన్నే మాక్రో అంటారు. కంపైల్ చేసేముందు, అంటే ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చేముందు, ఆ పేరున్న చోటల్లా అంకె వచ్చి కూర్చుంటుంది.

సాయంత్రం తనే మగ్గంలో కూర్చుని జానెడు నేసింది. నడుమ పూలు తిన్నగా వచ్చి అంచు మీదికెక్కాయి. ఖాసిం సాబ్ వేలితో తడిమి మొహం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే సంగతి బయటపడింది. ఆ మాక్రోను మూడు ఫైళ్లలోనూ విడివిడిగా రాసుకుంది. అంచు పెద్దది చేసేటప్పుడు రెండింట్లో అంకె మార్చి, నడుమ ఫైల్‌ను మరిచింది. నాలుగు ఫైళ్లూ వాడే మాక్రోను అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఒకే హెడర్ ఫైల్లో పెట్టండి అని క్లాసులో బల్ల గుద్ది చెప్పే పంతులమ్మ మరి! నాలుక కరుచుకుంది.

ఆ ఒక్క అంకె దిద్దితే సరిపోయేదే. కానీ చూపు తలుపు పక్క మేకుకు వేలాడే కొలకర్ర మీద పడింది. అంచు వెడల్పుకు లాలాబీ కోసిన గాటు దాని మీద ఉంది; ఆమె ఉన్నన్నాళ్లూ వీధికంతా అదే కొలత. అంచు నేత మొదలుపెట్టే ముందు ఎవరైనా వచ్చి పట్టుకెళ్లి, మళ్లీ తెచ్చి తగిలించాల్సిందే. సొంతంగా మరో కర్ర చెక్కుకోవడం ఆ వీధిలో తప్పు. ఎదురింటి దుర్గప్ప ఒకసారి చెక్కుకుంటే, లాలాబీ దాన్ని పొయ్యిలో పెట్టి ఆ మంట మీదే అతనికి టీ కాచిచ్చింది. అతనూ నవ్వుతూనే తాగాడు. ఆ కర్ర కోసం వచ్చిపోయే జనం, వాళ్ల కబుర్లు, అమ్మ కసుర్లు... ఎంత సందడిగా ఉండేది ఈ గడప!

యాస్మిన్ మూడు ఫైళ్లలోనూ ఆ మాక్రో వరుస చెరిపేసింది. కొలకర్ర అనే పేరుతో హెడర్ ఫైల్ ఒకటి తెరిచి, మాక్రోను అందులో ఒక్కసారే రాసింది. మూడు ఫైళ్ల మొదట్లోనూ దాన్ని చూసుకోమని ఒక ఇన్‌క్లూడ్ వరుస రాసి, మూడింటినీ మళ్లీ కంపైల్ చేసి పెట్టెలోకి ఎక్కించింది.

మగ్గం మళ్లీ ఆడింది. ఈసారి పూలు అంచు దగ్గరే ఆగిపోయాయి. ఖాసిం సాబ్ తడిమి చూసి, ఏం చేశావని అడిగాడు.

"యాడికాడ రాసుకున్నది తీసేసి ఒక్కసోట పెట్టినా, అబ్బా. మూడూ ఆడికే వచ్చి సూసుకుంటాయి. అందరూ అమ్మ కర్ర కాడికి వచ్చినట్ల."

ఆయన గోడ పట్టుకుంటూ వెళ్లి కొలకర్ర తెచ్చాడు. దాన్ని అంచు మీద ఆనించి, లాలాబీ కోసిన గాటును బొటనవేలితో వెతికాడు. గాటూ అంచూ ఒక్కచోటే ఆగాయి. ఆ వేలు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

"బండాయనకు ఫోన్ సెయ్యి," అన్నాడు. "రావద్దని సెప్పు."

పోయి, కర్రను మళ్లీ దాని మేకుకే తగిలించాడు.