దేవుని కుండలో నాలుగు తీర్ల బియ్యం

దేవకృపకు వంట చేతనైన రోజు నుంచీ ఇంట్లో ఒక పని ఖాయమైపోయింది. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి, గోడవార ఉన్న నల్లకుండలో వెయ్యాలి. అది దేవుని కుండ. రాంగోపాల్‌పేట్‌లో వాళ్ళ చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. జూన్‌లో మొదలుపెడితే నవంబరు మొదటి ఆదివారం, కోత పండుగ నాటికి నిండేది. ఆ రోజు ఇల్లాలు కుండను చంకనెత్తుకుని చర్చికి తీసుకుపోతే, ప్రభుభోజనపు బల్ల ముందు పరిచిన చాప మీద పాస్టరు అయ్యగారు కుమ్మరించేవారు. సెంటు పొలం లేని పట్నం జనానికి అదే కోత. ఆ బియ్యంతో అయ్యగారి ఇల్లు గడిచేది, మిగిలినవి దిక్కులేని ముసలివాళ్ళకు పంచేవారు.

కృప తల్లి ప్రేమమణి అన్నింట్లో మెత్తని మనిషే గానీ, ఆ కుండ దగ్గర మాత్రం రాయి. ఒక ఏడు భర్త ప్రభుదాస్ జ్వరంతో రైల్వే కార్ఖానాకు నెల్లాళ్ళు పోలేకపోతే ఇంటిల్లిపాదీ గంజి తాగి పడుకున్నారు. కుండ మూత మాత్రం కదల్లేదు.

నలభై ఎనిమిదిలో కదిలింది. కదిపింది కృపే.

ఆ సెప్టెంబరులో యూనియన్ సైన్యం సికింద్రాబాదుకు వచ్చింది, నిజాం సర్కారు లొంగిపోయింది. కర్ఫ్యూ పెట్టారు, తీశారు. జనం ఊపిరి పీల్చుకున్నారు. గోడ అవతలి ఇంట్లో మాత్రం ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు. ఆ ఇల్లు దర్జీ చాంద్‌పాషాది. గల్లీలో సగంమంది రవికెలూ, చర్చి అయ్యగారి తెల్ల అంగీలూ కుట్టింది ఆయనే. కొడుకు మౌలా అలీ రజాకార్లలో చేరి ఆరు నెలలు ఖాకీ తొడుక్కుని తిరిగాడు. సైన్యం వచ్చిన వారానికి పట్టుకుపోయారు, ఎక్కడ ఉంచారో తెలియదు. అతను తిరిగిన రోజుల్లో గల్లీ ఆ ఇంటిని చూసి భయపడింది. ఇప్పుడు ఆ ఇల్లు గల్లీని చూసి భయపడుతోంది. చాంద్‌పాషా దుకాణం తెరవలేదు. తెరిచినా గుడ్డ ఇచ్చేవాళ్ళు లేరు. పండుగలోపల కుట్టియ్యాలని ఆయన వెంటపడ్డవాళ్ళే ఇప్పుడు ఆ గుమ్మం ముందు తల తిప్పుకుని పోతున్నారు. ఆ విద్య మనకెవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది.

ఆయన కూతురు షాహీదాదీ కృపదీ ఒకటే ఈడు, పద్దెనిమిదేళ్ళు. చిన్నప్పుడు ఇద్దరూ కృప వాళ్ళ వంటింట్లో వంతులేసుకుని దేవుని కుండలో పిడికెళ్ళు వేసేవారు. "నాది సుత మీ దేవుడు లెక్కల ఏసుకుంటడా?" అని షాహీదా అడిగితే, "నీ చెయ్యి చిన్నది, సగమే ఏసుకుంటడు" అని కృప ఏడిపించేది. రెండు పెరళ్ళ మధ్యా నడుమెత్తు గోడ. సాయంత్రమైతే గోడకు అటొకరూ ఇటొకరూ చేరి కబుర్లలో పడితే, ఇద్దరి తల్లులూ గొంతు పోయేలా పిలిస్తే గానీ కదిలేవారు కాదు.

అక్టోబరులో వానలు వెనకబట్టాయి. గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. సీతాఫలాల బండ్లు వస్తున్నాయి. ఆ రోజుల్లోనే కృప గమనించింది, షాహీదా వాళ్ళ పొయ్యి మీంచి మూడు రోజులుగా పొగ రావడం లేదు.

"తిన్నరా?" అని అడిగింది గోడ మీంచి.

"తిన్నం," అంది షాహీదా. తిన్న మనిషి అంత తొందరగా చెప్పదు.

కృప రెండు రోజులు ప్రార్థన చేసింది. పైనుంచి జవాబేమీ రాలేదు. సండే స్కూల్లో పిల్లలకు ఏసు అయిదు రొట్టెలు వేలమందికి పంచిన కథ చెప్పేది తనే కాబట్టి, ఆమెకు దేవుడు కొత్తగా చెప్పవలసిందీ లేదు. మూడో సాయంత్రం తల్లి చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళగానే కుండ మూత తీసి, ఒక గిన్నెడు బియ్యం ముంచి, గోడ దగ్గరికి పోయి షాహీదా తల్లిని పిలిచింది. జైతున్ బీ పక్కింట్లో నిప్పు కూడా అడిగి ఎరగని మనిషి.

"ఖాలా, నాయినకు కార్ఖానాల రేషన్ ఎక్కువిస్తున్నరు. ఉంచితే పురుగు వడతయి. జెర మీరు తీస్కోండ్రి."

జైతున్ బీ గిన్నె వంకా పిల్ల మొహం వంకా కాసేపు చూసింది. "ఎక్కువిస్తున్నరా," అంది. ఆ తర్వాత కొంగు పట్టింది.

అక్కణ్ణుంచి ఇదొక అలవాటైంది. పొద్దున పిడికెడు వెయ్యడం, సాయంత్రం గిన్నెడు తియ్యడం. దేవుని ఇంట్లో దొంగతనం, ఖాలా ముందు అబద్ధం. రెండూ ఒకే గిన్నెలో పోతున్నాయని కృపకు తెలుసు. గాయక బృందంలో కోత పాటలు సాధన చేస్తుంటే పెదాలు మాత్రం కదిపేది. తల్లికి చెప్పాలని రోజూ అనుకునేది, రోజూ రేపు చెబుదామనుకునేది. నెల గడిచేసరికి చేతికి కుండ అడుగు తగిలింది.

కోత పండుగ పొద్దున ప్రేమమణి తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, కుండకు వాసెన కట్టడానికి కొత్తగుడ్డ తెచ్చింది. బరువుంటుందని రెండు చేతులా బలంగా లేపింది. కుండ చటుక్కున పైకి లేచి ఆమె గడ్డానికి కొట్టుకుంది. మూత తీసి చూస్తే అడుగున ఆ పొద్దుటి పిడికెడు ఉంది.

"కృపా," అంది. గొంతు పెంచలేదు. అందుకే కృప ఇక దాచలేకపోయింది. ఉన్నదంతా చెప్పేసింది.

"అవి దేవుని బియ్యం బిడ్డా."

"తెల్సమ్మా."

"నన్నడిగితే మన బియ్యంల నుంచే ఇద్దును గదా."

"మనకే సాల్త లెవ్వు. ఇస్తవు, ఇచ్చి నువ్వు పస్తుంటవు."

ప్రేమమణి కుండ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది. ప్రభుదాస్ కోటు గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాడు.

"ఉత్త కుండ అందరి ముంగట ఎట్ల ఎత్తుకపోవాలె?" అంది ప్రేమమణి చివరికి.

అప్పుడే వీధి తలుపు గొళ్ళెం చప్పుడైంది. బుర్ఖాలో షాహీదా. గోడ మీంచి కాదు, వీధిలోంచి వచ్చింది. ఏడు వారాల్లో ఆ పిల్ల వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. వెనక, తమ గుమ్మంలో జైతున్ బీ సగం బయటికీ సగం లోపలికీ నిలబడి చూస్తోంది. షాహీదా చేతిలో చిన్న మూట ఉంది.

"చిన్నమ్మా, అమ్మీ పంపింది. ఇయ్యాల మీ పండుగ గదా," అంది షాహీదా. "వండినప్పుడల్ల తలా ఒక పిడికెడు తీసిపెట్టినం."

మూటలో బియ్యం. కృప నోరు తెరవబోయింది.

"నువ్వు ఊకో," అంది షాహీదా మెల్లగా. "అవి ఏడివో అమ్మీకి మొదటి దినమే ఎర్కైంది. కార్ఖానా రేషన్ అయితే అన్ని ఒక్క తీరుగుంటయి. చాటల పోస్తే నాలుగు తీర్లున్నయి, దొడ్డుయి, సన్నయి, ఎర్రయి, నూకలు. వారానికో తీరు రేషన్‌ల నుంచి పిడికెడు పిడికెడు తీస్తెనే గట్లయితది, ఇయి దేవుని కుండయే అన్నది. దేవునికని తీసినయి గదా, జెరంతన్న ఆయనకు చేరాలె అన్నది."

కృపకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. తన అబద్ధం నెల రోజులుగా ఖాలాకు తెలుసు. తెలిసీ రోజూ కొంగు పట్టింది. అలా పట్టడానికి ఆమెకు ఎంత గుండె కావలసి వచ్చిందో కృపకు ఇప్పుడు అర్థమైంది. మూడు నోళ్ళకు చాలని గిన్నెలోంచి పూటపూటా పిడికెళ్ళు తీసి పక్కన పెట్టింది.

ప్రేమమణి మూట విప్పి బియ్యాన్ని కుండలో పోసింది. కుండ పావువంతైనా నిండలేదు. కొత్తగుడ్డ కట్టి లేచింది. "అమ్మీకి చెప్పు బిడ్డా. రేపటి సంది గోడ మీంచి కాదు, గుమ్మంల నుంచే వస్తం."

చర్చిలో సంఘపెద్ద సామ్యూల్ చాప పక్కన నిలబడి ఒక్కో ఇంటి పేరూ గట్టిగా పిలుస్తున్నాడు. పేరు పిలవగానే ఆ ఇంటి కుండ వస్తుంది, దేవానందం అయ్యగారు కుమ్మరిస్తారు. బియ్యం గలగలా జారి కుప్ప పెరుగుతోంది. "ప్రభుదాస్ గారి ఇల్లు," అన్నాడు సామ్యూల్. ప్రేమమణి నిండు కుండ మోసినట్టే నడుము వంచి నడిచింది. అయ్యగారు వంచారు. చప్పుడు మొదలవుతూనే ఆగిపోయింది. ఆడవాళ్ళ వరసలో మెడలు సాగాయి. పాటల వరసలో నిలబడ్డ కృప తల దించుకుంది.

"ఇయి మా ఇంటియే కావు అయ్యగారూ," అంది ప్రేమమణి. "రెండిండ్లయి."

"రెండో ఇల్లెవరిదమ్మా?"

"చాంద్‌పాషా గారిది."

ఏడు వారాలుగా ఆ పేరును ఎవరూ గొంతు తగ్గించకుండా పలకలేదు. అయ్యగారు ఖాళీ కుండ పట్టుకుని ఒకసారి తన ఒంటిమీది తెల్ల అంగీ వైపు చూసుకున్నారు. తర్వాత సామ్యూల్‌కు తల ఊపారు.

సామ్యూల్ గొంతు సవరించుకున్నాడు. తక్కిన ఇళ్ళను పిలిచినంత గట్టిగానే పిలిచాడు.

"చాంద్‌పాషా గారి ఇల్లు."

కృప తలెత్తింది.